మూగబోయిన అక్షింతలు

కారు తాళాలు ఇన్సూరెన్సు మనిషి రాఘవులు దగ్గరే ఉన్నాయని తెలిసినా సావిత్రి అతణ్ణి అడగలేదు. తిన్నగా కొంటా పోలీసు ఠాణా ఇన్‌ఛార్జి ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్కన మంగాదేవి నిలబడింది. కారు మంగాదేవి భర్తది. ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నదీ ఆమె భర్తే. ఆమె తరఫున దర్యాప్తు చెయ్యడానికి జగదల్‌పూర్ నుంచి వచ్చిన డిటెక్టివు తను. ఈ సంగతులు సావిత్రి హిందీలో చెప్పేసరికి ఇన్‌ఛార్జి గడియారం వైపు చూశాడు. నాలుగు గంటలకు డ్రైవరు సోమారును జగదల్‌పూర్ కోర్టుకు పంపిస్తున్నామనీ, ఈలోగా చూసుకునేదేదో చూసుకోమనీ అన్నాడు. అప్పటికే రెండు దాటింది.

ఏమీ దొరక్కపోతే సోమారు ఇక ఇప్పట్లో ఇంటికి రాడు. అతని భార్య ఇర్మె పొద్దుటినుంచీ ఠాణా గేటు బయట కూర్చునే ఉంది. లోపలికి వస్తూ సావిత్రి ఆమెను చూసింది. ఆమె లేచి, పక్కకు తొలిగి దారి ఇచ్చింది.

జరిగింది ఇదీ. మంగళవారం పొద్దున మంగాదేవి భర్త దశరథరామయ్య కొంటా నుంచి బచేలికి బయలుదేరాడు. చింతపండు, ఇప్పపువ్వు వర్తకంలో ముప్పై ఏళ్లుగా పేరున్న సేటు. సోమారు కారు నడుపుతున్నాడు. సుక్మా దాటాక వంతెన మరమ్మతు కోసం బండ్లన్నీ ఆపేశారు. ఎండ మండుతోంది. ఇంజను నడుస్తూనే ఉంది, ఏసీ వేసే ఉంది, సేటు వెనక సీట్లో కునుకు తీశాడు. సోమారు దిగి టీ తాగడానికి వెళ్లాడు. ముప్పావుగంట తరవాత వచ్చి తలుపు తీస్తే సేటు పలకలేదు. ఇంజను పొగ పీల్చాడని జగదల్‌పూర్ ఆస్పత్రిలో డాక్టర్లు తేల్చారు.

రాఘవులు ఇన్సూరెన్సు కంపెనీ పంపిన పరిశోధకుడు. సావిత్రి కన్నా ఒక రోజు ముందే వచ్చాడు. బానెట్ ఎత్తి, సైలెన్సరు గొట్టం ఇంజనుకు కలిసే చోట బిగింపు వదులైందని కనిపెట్టాడు. పొగ అక్కడ కారి, ఏసీ గాలిదారి గుండా లోపలికి వెళ్లిందన్నాడు. బండి సరిగ్గా చూసుకోని డ్రైవరుదే తప్పని రాసి ఇచ్చాడు. పోలీసులకు అది చాలింది.

సావిత్రి ముందు సోమారు దగ్గరికి వెళ్లింది. అతడు లాకప్పులో గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆమె గొట్టం గురించి అడగలేదు. ఆ పొద్దున బండి ఎక్కినప్పటినుంచీ చెవికి ఏం వినబడిందో చెప్పమంది.

"ఏసీ సప్పుడు జెయ్యలేదమ్మా," అన్నాడు సోమారు.

"చప్పుడు చెయ్యకపోతే మంచిదే కదా?"

"మా బండి ఎప్పుడూ గలగలమంటది. ఆ దినం అనలే. నేనే అన్న సేటుతోని. సేటూ, పెద్దమ్మ బియ్యం మాట్లాడ్తలేవు అని."

సావిత్రికి అర్థం కాలేదు. తిరిగి చూస్తే మంగాదేవి కళ్లు తుడుచుకుంటోంది. ఆ మాట ఆమే విడమరిచి చెప్పింది. కారు కొన్ననాడు వాహనపూజ చేయించారు. అత్తగారు ఉప్పలమ్మ అప్పటికే మంచాన పడి లేచిన మనిషి, చేతులు వణుకుతున్నాయి. గుప్పెడు అక్షింతలు అద్దం మీద చల్లితే సగం కిందికి జారి, అద్దం మొదట్లో గాలి పోయే జాలీలోంచి లోపలికి పడిపోయాయి. ఆ రోజు నుంచీ ఏసీ వేస్తే చాలు, గాలి తోసే బ్లోయర్‌లో గింజలు గలగలలాడేవి. విప్పి తీసేస్తానని జగదల్‌పూర్ మెకానిక్ ఎన్నిసార్లు అన్నా దశరథరామయ్య ఒప్పుకోలేదు. పోయిన ఎండాకాలంలో ఉప్పలమ్మ కాలం చేశాక ఆ చప్పుడు లేనిదే ఆయన కారులో కూర్చునేవాడు కాదు. అది అమ్మ దీవెన అనేవాడు.

"బియ్యం మాట్లాడటం లేదంటే సేటు ఏమన్నాడు?"

"మొకం చిన్నబోయింది. గాలి పెంచమన్నడు, తగ్గించమన్నడు, బయటి గాలి మూసే మీట నొక్కమన్నడు. అప్పుడు ఇంకో సప్పుడొచ్చింది. ముందు సీటు కాళ్లకాడ. టక టక టక అని. బచేలి పోయినంక చూపిద్దాం తీ అన్నడు."

అంతసేపు అదే బండిలో ఉన్న నీకెందుకు ఏమీ కాలేదని సావిత్రి అడిగింది. ఇన్‌ఛార్జి కూడా ఈ ప్రశ్నే వేసి ఉంటాడు, సోమారు తల దించుకున్నాడు. తనకు పొగాకు నమిలే అలవాటుందనీ, ఉమ్మడానికి తన వైపు అద్దం సగం దించే ఉంచుతాడనీ, సేటు ఎప్పుడూ తిడుతూనే ఉంటాడనీ చెప్పాడు. తనకూ తల పగిలిపోయినంత నొప్పి వచ్చిందట. ఎండదెబ్బ అనుకుని టీ తాగడానికి దిగాడట. సేటు ఎండకు ఓర్చుకోలేడని, దిగేటప్పుడు తన వైపు అద్దం కూడా ఎక్కించి పోయాడట.

ఆ చివరి మాట చెప్పి గోడవైపు తిరిగాడు.

కారు ఠాణా వెనక రేకుల కొట్టం కింద ఉంది. రాఘవులు అప్పటికే అక్కడ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. విశాఖ వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా, మాటలో మర్యాదకు లోటుండదు.

"మేడమ్ గారూ, మనిషి ప్రాణం పోయే కేసండి ఇది. మీరేమో ఏసీ చప్పుళ్లు వింటానంటున్నారంట."

"ప్రాణం ఇంకా పోలేదు రాఘవులు గారూ. మీ రిపోర్టులో పోయిందని రాసేశారా?"

అతడు నవ్వి తాళాలు అందించాడు. డిటెక్టివు పనిలోకి రాకముందు సావిత్రి భర్తతో కలిసి కార్ల ఏసీలు బాగుచేసే షెడ్డు నడిపిందని అతనికి తెలియదు. చెప్పవలసిన అవసరం ఆమెకు కనబడలేదు.

ఏసీ చప్పుడు ఒకచోట పుట్టి ఇంకోచోట వినబడుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఒక్కొక్కటే ఆపుకుంటూ రావాలి. సావిత్రి తలుపులన్నీ బార్లా తెరిపించింది, బానెట్ ఎత్తించింది, అందర్నీ ఎడంగా నిలబడమంది. ఇంజను వేసి ఏసీ మీట నొక్కింది. టప్పుమని కంప్రెసర్ అందుకుంది. ఆపి, మళ్లీ వేసింది. గరగర లేదు, కీచు లేదు. తప్పు కంప్రెసర్‌ది కాదు. తరవాత గాలి పెంచుతూ పోయింది. బ్లోయర్ శబ్దం పెరిగింది కానీ శుభ్రంగా ఉంది, ఒక్క గింజ కూడా దొర్లిన జాడ లేదు. సోమారు చెప్పింది నిజమే. బియ్యం లేవు.

ఇక మిగిలింది బయటి గాలి రాకుండా మూసే మీట. అది నొక్కితే లోపల ఒక చిన్న తలుపు మూసుకుని, కారులోని గాలే కారులో తిరుగుతుంది. సావిత్రి నొక్కింది.

టక టక టక టక.

ముందు సీటు కాళ్ల దగ్గర, డ్యాష్‌బోర్డు వెనకనుంచి. కొద్ది క్షణాలు కొట్టుకుని ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ కొట్టుకుంది. తలుపును తిప్పే చిన్న మోటారు మూయబోతోంది, తలుపు కదలడం లేదు, మోటారు పళ్లు జారుతున్నాయి.

ఆమె ఇంజను ఆపి, డ్యాష్‌బోర్డు అర ఊడదీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టింది. వేళ్లకు ఏదో మెత్తగా, గరుకుగా తగిలింది. లాగితే వచ్చింది. గోనెపట్టా ముక్క. నాలుగు మడతలు పెట్టి, తలుపు సందులో గట్టిగా దిగగొట్టి ఉంది. మళ్లీ మీట నొక్కితే తలుపు చప్పుడు లేకుండా వెళ్లి మూసుకుంది. టకటక పోయింది.

చప్పుడు బాగుచేసిన ప్రతిసారీ సావిత్రికి ఒక తృప్తి కలిగేది. ఈసారి కలగలేదు. బయటి గాలి, దానితో పొగ, ఎప్పటికీ ఆగకుండా లోపలికి రావాలని ఎవరో ఈ ముక్క పెట్టారు. బానెట్ కింద గొట్టం బిగింపు కూడా దానంతట అది వదులు కాలేదన్నమాట. ఇది నిర్లక్ష్యం కాదు. దశరథరామయ్యను చంపాలని చేసిన పని.

ఆ మాట పైకి అనగానే మంగాదేవి కొట్టం గుంజ పట్టుకుంది. రాఘవులు మాత్రం గోనెముక్కను వెలుతురుకు పెట్టి చూశాడు.

"థాంక్సండీ," అన్నాడు నెమ్మదిగా. "నేను వట్టి నిర్లక్ష్యం అనుకున్నాను. హత్యాప్రయత్నమని మీరు నిరూపించారు. గోనెబస్తాలు ఎక్కించేదీ దింపేదీ ఎవరండీ? సోమారే. గొట్టం విప్పే పానా ఎవరి చేతికింద ఉంటుంది? సోమారు చేతికిందే. తన వైపు అద్దం దించుకున్నదెవరు? దిగిపోతూ ఎక్కించిందెవరు?"

సావిత్రికి తను చేసింది అర్థమైంది. సోమారును విడిపించడానికి వచ్చి, తన చేత్తోనే అతని మెడకు ఇంకో పేట బిగించింది. రాఘవులు ఇన్‌ఛార్జి గది వైపు నడవబోయాడు.

"ఒక్క నిమిషం ఆగండి," అంది. "బియ్యం ఏమైనట్టు?"

"ఏ బియ్యం?"

"ముక్క లాగడానికి చెయ్యి చాలింది గానీ, సందులో అలా దిగగొట్టాలంటే బ్లోయర్ దించక తప్పదు. స్క్రూల మీద కొత్త గీతలు చూడండి. బ్లోయర్ దించితే అందులోని అక్షింతలన్నీ ఇదిగో, కాళ్లకింది ఈ పట్టా మీద రాలతాయి. ఎక్కడున్నాయి?"

"ఊడ్చేసి ఉంటాడు."

సావిత్రి మోకాళ్ల మీద కూర్చుని కాళ్ల దగ్గరి నల్ల పట్టాను చూపించింది. దాని మీద బైలదిల్లా దారి ఎర్రదుమ్ము పొరలా ఉంది. పొడి మన్ను, ఎండిన ఆకు నలుసులు, పాత చెప్పు అచ్చు ఒకటి. ఊడ్చి ఉంటే ముందు పోవలసింది ఆ దుమ్ము. దులిపి ఉన్నా అంతే. దుమ్ము ఉన్నది ఉన్నట్టే ఉంది, గింజలు మాత్రం లేవు. దుమ్ములో అక్కడక్కడ వేలికొనలు తాకిన చిన్న చిన్న గుంటలున్నాయి.

"ఒక్కొక్క గింజే ఏరుకున్నాడు రాఘవులు గారూ. మనిషిని చంపడానికి కూర్చున్నవాడు, అక్షింతలు కాలికింద పడకూడదని ఏరుకున్నాడు."

రాఘవులు ఆ గుంటల వైపు చూశాడు. తరవాత సోమారు కూడా ఏరి ఉండవచ్చు కదా అన్నాడు. ఈసారి గొంతులో ఆ బిగువు లేదు. సావిత్రి కాదనలేదు. ఏరి ఉండవచ్చు. పట్టా ఎత్తి, టార్చి వేసి, సీటు ఇనుప పట్టీ కిందంతా వెతికింది. చెయ్యి పట్టని సందులో రెండు గింజలు దొరికాయి.

వాటిని అరచేతిలో వేసుకుని వెలుతురులోకి వచ్చింది. ఇలాంటి అక్షింతలు ఆమె ఎన్నడూ చూడలేదు. ఏడాదికి పైగా బ్లోయర్‌లో తిరిగి తిరిగి కొసలు అరిగి గుండ్రమైపోయాయి. పసుపు గీతల్లో మాత్రమే మిగిలింది, తక్కినదంతా బూడిదరంగు. చూడమని మంగాదేవి ముందు చెయ్యి చాపింది.

మంగాదేవి చూసింది. ఆమె చెయ్యి దానంతట అదే చీర కొంగు దగ్గరికి పోయింది. అక్కడే ఒక రాయి మీద కూర్చుంది.

కొంగున ముడి ఉంది. సావిత్రి విప్పింది. లోపల ఏడెనిమిది గింజలు. కొసలు అరిగినవి. బూడిదరంగువి. గీతల్లో పసుపు.

"ఇవి నీకు ఎక్కడివి మంగాదేవీ?"

"నిన్న మా మరిది ధర్మయ్య ఇచ్చిండు." ఆమె తనలో తాను చెప్పుకుంటున్నట్టు అంది. "ఆస్పత్రిల ఆయన తలమీద చల్లిండు. అమ్మ చేతి అక్షింతలు వదినా, దాచిపెట్టిన, అన్నకు ఏమీ గాదు అన్నడు. నేను ధర్మయ్య చేతులు పట్టుకొని ఏడ్సిన అక్కా. దిండు మీద పడ్డయి ఏరి కొంగున గట్టుకున్న."

రాఘవులు వంగి, ఆమె కొంగులోని గింజనూ సావిత్రి చేతిలోని గింజనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇన్సూరెన్సు పరిశోధకుడిగా అతడు చూసిన దొంగ ప్రమాదాలకు లెక్కలేదు. అయినా ముఖం పాలిపోయింది.

సావిత్రి ఇక ఒక్కొక్కటే అడిగింది, మంగాదేవి ఒక్కొక్కటే చెప్పింది. వాళ్ల ఇంటి సందులోకి కారు రాదు. రాత్రిళ్లు ధర్మయ్య గోడౌనులోనే పెడతారు. సోమవారం రాత్రీ అక్కడే ఉంది. అన్నదమ్ములది ఒకటే వర్తకం. బచేలిలో వేరే దుకాణం తీసుకుని విడిగా పోదామని దశరథరామయ్య నిశ్చయించుకున్నాడు. మంగళవారం ప్రయాణం దానికే. ఆ సంగతి ముందురోజు సాయంత్రం తమ్ముడికి మాత్రమే చెప్పాడు. విని ధర్మయ్య ఏమీ అనలేదట. అన్న పళ్లెంలోనే అన్నం కలుపుకుని తిని లేచాడట.

"ఇప్పుడు ఆస్పత్రిలో మీ ఆయన దగ్గర ఎవరున్నారు?" రాఘవులు అడిగాడు.

ఆ ప్రశ్న సావిత్రి నోటిదాకా వచ్చి ఆగింది. జవాబు ఆమెకు తెలుసు. పొద్దున మంగాదేవి వచ్చేస్తూ కాపలా పెట్టి వచ్చింది ధర్మయ్యనే.

మంగాదేవి లేచి నిలబడింది. పొద్దున డాక్టరు తనతో అన్న మాట ఇప్పుడు బయటపెట్టింది. ఆయన కళ్లు తెరిచాడనీ, ఆక్సిజన్ మాత్రం తియ్యకూడదనీ, రేపటికి మాట్లాడతాడనీ డాక్టరు చెప్పాడు. ఆ సంతోషంలో మొదట చెప్పుకున్నది మరిదికే.

"నేనే చెప్పిన," అంది. "రేపు మాట్లాడతడంట అని నేనే చెప్పిన."

సావిత్రి ఆస్పత్రికి ఫోను చేసింది. నర్సు హిందీలో తొందర తొందరగా మాట్లాడింది. కొంటా పేషెంటును మధ్యాహ్నం తమ్ముడు తీసుకుపోయాడట. వద్దని అందరూ చెప్పారట. పెద్ద ఆస్పత్రికి విశాఖ తీసుకుపోతానని సంతకం పెట్టి, తన కారులోనే ఎక్కించుకున్నాడట. ఆక్సిజన్ సంగతి సావిత్రి అడిగింది. కారులో అదెక్కడ ఉంటుందని నర్సు ఎదురు అడిగింది.

రాఘవులు అప్పటికే ఇన్‌ఛార్జి గదిలోకి పరుగెత్తాడు. సోమారును నాలుగింటికి పంపవద్దని, తన రిపోర్టు తప్పని అతడు హిందీలో గట్టిగా చెప్పడం ఇక్కడికి వినబడింది. విశాఖ దారిలో చెక్‌పోస్టులకు కబురు చెయ్యమంటున్నాడు.

సావిత్రి మంగాదేవి ఫోను తీసుకుని ధర్మయ్య నంబరు కలిపి, అందరికీ వినబడేలా పెట్టి, ఆమె చేతికిచ్చింది. ఏమీ తెలియనట్టు మాట్లాడమని, ఎక్కడున్నాడో మాత్రం అడగమని చెప్పింది. నాలుగు సార్లు మోగాక ఎత్తాడు.

"వదినా," అన్నాడు ధర్మయ్య. గొంతు మెత్తగా, అలసిపోయినట్టు ఉంది. "నేనే చేద్దామనుకుంటున్న. డాక్టర్లు లాభం లేదన్నరు. ఆఖరి ఊపిరి ఇంట్లనే పోవాలె గద. ఇంటికే తెస్తున్న."

మంగాదేవి ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. సావిత్రి ఆమె భుజం నొక్కింది.

"యాడున్నరు?"

"సుక్మా దాటినం. ఎండకు అన్నయ్య తట్టుకోడని అద్దాలన్నీ ఎక్కించి ఏసీ ఏసిన. నిమ్మళంగ పండిండు. నువ్వేం భయపడకు. నడింట్ల చాప పరిచి ఉంచు."

విశాఖ దారి కాదు. కొంటా దారి. సావిత్రి ఇన్‌ఛార్జి గది వైపు చెయ్యి ఊపింది. రాఘవులు గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయాడు, ఎందుకంటే ఫోనులోంచి ఇంకో గొంతు, దశరథరామయ్యది, వినబడింది. బొంగురుగా, ఊపిరి తెగుతూ, కానీ ప్రతి అక్షరం తెలిసేలా.

"ధర్మా... అద్దం దించురా."

ధర్మయ్య ఫోను కట్ చేశాడు.